ఫిల్మ్‌నగర్ చెవికి రెండు వేల ఐఈఎం చాలా? సౌండ్ కంటే ముందు చూడాల్సింది ఫిట్టింగే

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల తెలుగు సినిమా శబ్దం తయారవుతుంది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టారు. పద్మాలయ, రామానాయుడు స్టూడియోలూ వచ్చాయి. వాటి వెనకాలే డబ్బింగ్ థియేటర్లు, ఎడిటింగ్ రూములు సందు సందునా వెలిశాయి. పెద్ద మిక్సింగ్ థియేటర్‌లో లక్షల ఖరీదు చేసే స్పీకర్లు ఉంటాయి. కానీ కృష్ణానగర్‌లో రూము అద్దెకు తీసుకుని ఇక్కడికి పనికొచ్చే అసిస్టెంట్ ఎడిటర్‌కి, ట్రాక్ సింగర్‌కి, కొత్త డబ్బింగ్ ఆర్టిస్టుకి ఆ స్పీకర్ల ముందు కూర్చునే అవకాశం రోజూ దొరకదు. వాళ్ల చెవిలో ఉండేది వెయ్యిన్నర, రెండు వేల రూపాయల వైరు ఇయర్‌ఫోన్. దాన్ని నమ్మే డైలాగ్ కట్ చేస్తారు, దాన్ని నమ్మే పాట ప్రాక్టీస్ చేస్తారు.

ఆ ధరకి ఇవాళ దొరుకుతున్నది నిజంగా మంచి సరుకే. ఏ మోడల్ కొనాలని అడిగేవాళ్లు చాలామంది. అది తన చెవిలో సరిగ్గా కూర్చుంటుందా అని అడిగేవాళ్లు తక్కువ. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

ఐఈఎం అంటే ఏమిటి?

ఇన్-ఇయర్ మానిటర్‌కి పొట్టి పేరు ఐఈఎం. మామూలు ఇయర్‌బడ్ చెవి గుంట మీద కూర్చుంటే, ఇది చెవి రంధ్రంలోకి వెళ్లి దారి మూసేస్తుంది. వైరు చెవి వెనక నుంచి తిరిగి వస్తుంది. అమెరికాలో ఎటిమోటిక్ కంపెనీ 1991లో తెచ్చిన ఈఆర్-4 ఇలా లోతుగా దిగే ఇయర్‌ఫోన్లలో తొలి తరానిది. 1995లో జెర్రీ హార్వీ అనే సౌండ్ ఇంజనీర్ వాన్ హేలెన్ బ్యాండ్ డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ కోసం స్టేజి మీద వాడేవి తయారుచేశాడు. అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ అలా పుట్టింది. అప్పట్లో ఇవి పెద్ద స్టేజి కళాకారులకే అందేవి.

చైనా కంపెనీల రాకతో లెక్క మారింది. 2019లో బ్లాన్ బీఎల్-03 పేరు మోగింది. 2022లో ఒకదాని వెంట ఒకటి మూన్‌డ్రాప్ చూ, సెవెన్‌హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో, టాంగ్జూ వాన్‌ఎర్ వచ్చాయి. మూడూ ఇంచుమించు 20 డాలర్ల సరుకే. పన్నులూ రవాణా కలుపుకుని మన దగ్గర సుమారు 1,500 నుంచి 2,500 రూపాయల మధ్య పడతాయి. వాన్‌ఎర్ అనేది చైనా టాంగ్ రాజుల కాలం నాటి ఆస్థాన కవయిత్రి పేరు. తెలుగువాళ్లకి మాత్రం వానరం గుర్తొస్తే తప్పు లేదు.

ముందు చెవి, తర్వాత సౌండ్

రబ్బరు టిప్‌కీ చెవి గోడకీ మధ్య సన్న సందు ఉన్నా చాలు, బాస్ పారిపోతుంది. 200 హెర్ట్జ్ కింద ఉండేదంతా పలచబడుతుంది. తబలాలో బాయా వినిపించదు, మగ గొంతులో ఛాతీ బరువు పోతుంది, మిగిలినదంతా కీచుగా తోస్తుంది. అప్పుడు మనిషి చేసే పని ఒక్కటే, వాల్యూమ్ పెంచడం. ఆ తర్వాత "ఇది డబ్బా మోడల్" అని తీర్పు చెప్పేసి ఇంకోటి కొంటాడు. దాంతో వచ్చిన టిప్ కూడా అదే సైజైతే కథ మళ్లీ మొదటికే.

డబ్బాలో మూడు సైజుల టిప్స్ ఇస్తారు. చాలామంది ముందే తగిలించి ఉన్న మధ్య సైజుతోనే కాలం గడిపేస్తారు. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని రూలేమీ లేదు. కుడికి పెద్దది, ఎడమకి మధ్యది సరిపోయేవాళ్లు మామూలుగానే కనిపిస్తారు. పెట్టుకునేటప్పుడు రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, కొంచెం వెనక్కి లాగాలి. చెవి దారి ఒంపు సాఫీ అవుతుంది, టిప్ నిటారుగా దిగుతుంది. ఆ తర్వాత చెవి వదిలేస్తే అదే పట్టుకుంటుంది.

పరీక్షకి పెద్ద పరికరం అక్కర్లేదు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌లో ముందు 500 హెర్ట్జ్, తర్వాత 50 హెర్ట్జ్ పెట్టి చూడాలి. 50 దగ్గర శబ్దం దాదాపు మాయమైతే సీల్ లేనట్టే. వేలితో మెల్లగా నొక్కితే బాస్ ఒక్కసారి ఉబికి వచ్చినా అదే అర్థం. రెండో పరీక్ష దవడది. నాలుగు డైలాగులు చెప్పి, ఒకసారి ఆవలించి చూడాలి. అప్పుడు ఊడిపోతే సైజు తప్పు. కూర్చుని పాటలు వినేవాడికి ఇది చిన్న విషయం. నోరు తెరిచి పనిచేసే సింగర్‌కి, డబ్బింగ్ ఆర్టిస్టుకి అదే ప్రాణం.

ఎంత లోతుకి దిగిందన్నది ట్రెబుల్‌నీ మారుస్తుంది. మూసిన చెవి దారిలో 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఒక మోత పుడుతుంది. టిప్ లోపలికి జరిగేకొద్దీ ఆ మోత ఇంకా పైకి పోతుంది. ఒకే మోడల్ ఒకరికి గరగరలాడి ఇంకొకరికి మెత్తగా వినిపించడానికి ఇదొక కారణం. ఫోమ్ టిప్స్ బయటి శబ్దాన్ని బాగా ఆపుతాయి, ట్రెబుల్‌ని కాస్త మెత్తబరుస్తాయి. నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టి అర నిమిషం ఆగితే ఉబ్బుతాయి. చెమటకి త్వరగా పాడవుతాయి కూడా, హైదరాబాద్ ఎండాకాలంలో మరీ.

ఏది ఎలా ఉంటుంది?

సాల్‌నోట్స్ జీరో తేలిక. ప్లాస్టిక్ ఒళ్లు, పైన లోహపు పలక, లోపల ఒకటే 10 ఎంఎం డ్రైవర్. బాస్ మితంగా, గొంతు ముందుకు, వివరాలు స్పష్టంగా ఉంటాయి. డైలాగ్ వినే పనికి ఈ ధరలో ముందు దీన్నే చూడాలి. దీని రెండో తరం 2023లో వచ్చింది. అందులో బాస్ పెరిగింది, వెచ్చదనం వచ్చింది. పాటలకి అదే నచ్చుతుంది.

మూన్‌డ్రాప్ చూ ఒళ్లు లోహం, కాస్త బరువు. బాస్ తక్కువ, పైస్థాయి వెలుగు ఎక్కువ. దీంతో వచ్చిన స్ప్రింగ్ టిప్స్ మంచి పేరు తెచ్చుకున్నాయి. అయితే పాత చూ వైరు ఊడదు. వైరు తెగితే అంతే సంగతులు. చూ-2లో వైరు మార్చుకోవచ్చు, బాస్ కూడా పెంచారు. రోజూ జేబులో కుక్కుకుని తిరిగేవాళ్లు ఈ ఒక్క విషయం చూసైనా కొత్తదే తీసుకోవాలి. వాన్‌ఎర్ చిన్నగా, మెత్తటి ధ్వనితో ఉంటుంది. గంటల తరబడి విన్నా అలసట తక్కువ.

బ్లాన్ బీఎల్-03 సంగతి వేరు. వాద్యాలు దాంట్లో నిండుగా పలుకుతాయని మెచ్చుకున్నవాళ్లే నాజిల్ పొట్టిదని తిట్టారు. వచ్చిన టిప్స్‌తో చాలామంది చెవుల్లో నిలవదు. పొడుగు టిప్స్ విడిగా కొనాల్సిందే. దీనికి తలకిందుల ఉదాహరణ ట్రూత్ఇయర్ జీరో. ధర 50 డాలర్ల దగ్గర, లోపల రెండు డ్రైవర్లు, కొలతల్లో చక్కటి ధ్వని. కానీ నాజిల్ లావు. చెవి రంధ్రం చిన్నగా ఉన్నవాళ్లకి, అందులోనూ చాలామంది ఆడవాళ్లకి, గంటలోపే నొప్పి మొదలవుతుంది. అలాంటి చెవికి రెట్టింపుకు పైగా ధర పెట్టిన ఇది కంటే 20 డాలర్ల వాన్‌ఎరే మెరుగు. కేజెడ్ జెడ్ఎస్ఎన్ ప్రో ఎక్స్ లాంటివి బాస్‌నీ ట్రెబుల్‌నీ రెండింటినీ ఎగదోస్తాయి. బస్సులో మాస్ పాటకి హుషారు. డైలాగ్ పనికి మాత్రం వద్దు.

మన గొంతులతోనే పరీక్ష

విదేశీ రివ్యూలు వాళ్ల రాక్ పాటలతో తూకం వేస్తాయి. ఇక్కడివాళ్లకి దగ్గర దారి ఉంది. 'అరుంధతి' (2009)లో సోనూ సూద్‌కి రవిశంకర్ చెప్పిన డబ్బింగ్ పెట్టి వింటే కింది స్థాయి తెలిసిపోతుంది. ఆ గొంతులో బరువు లేకపోతే సీల్ లేదు, లేదా ఐఈఎంలో బాస్ లేదు. 'ఏ మాయ చేసావే' (2010)లో సమంతకి చిన్మయి ఇచ్చిన గొంతు మధ్యస్థాయికి, ఊపిరికి పరీక్ష. మాట దగ్గరగా, సహజంగా ఉండాలి, ముక్కుతో పలికినట్టు కాదు. 'అఖండ' (2021) తమన్ సంగీతం అడుగు బాస్‌కి పనికొస్తుంది. బాస్ మోగుతున్నప్పుడు డైలాగ్ మునిగిపోకూడదు.

స, శ తేడా ఇంకా సూక్ష్మం. 'స'లో బుసబుస ఎక్కువగా 5 కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది, 'శ'ది ఇంకొంచెం కిందే మొదలవుతుంది. 6, 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఎగిరిపడే ఐఈఎంలో ప్రతి 'స' పాములా బుసకొడుతుంది. దాన్ని నమ్మి అసిస్టెంట్ కుర్రాడు ఆ బుసని కోసేస్తే, థియేటర్‌లో హీరోయిన్‌కి నత్తి వచ్చినట్టు ఉంటుంది. ఉర్దూ వినేవాళ్లకి వార్సీ బ్రదర్స్ ఖవ్వాలీ చాలు. చప్పట్లు, ఢోలక్, వెనక గుంపు గొంతులు కలిసి ముద్దైపోకుండా విడివిడిగా వినపడాలి. ఖాఫ్, ఖే తేడాతో పరీక్షిద్దామంటే ముందు పాడినవాళ్లు ఏ ఊరివాళ్లో చూసుకోవాలి. హైదరాబాదీ నోట్లో ఖాఫ్ ఎలాగూ ఖే అయిపోతుంది, ఆ నేరం ఐఈఎంది కాదు.

పనిలో వచ్చే చిక్కులు

చెవి రెండువైపులా మూసుకుని మాట్లాడితే సొంత గొంతు డప్పులా మోగుతుంది. ఎముక ద్వారా చెవిలోకి చేరిన కంపనం బయటకి పోయే దారి లేక లోపలే తిరుగుతుంది. అందుకే డబ్బింగ్ చెప్పేటప్పుడు ఒక చెవి ఖాళీగా వదిలేయడం అలవాటు. దీంట్లో చిన్న ప్రమాదం ఉంది. రెండు చెవులతో వింటే తక్కువ వాల్యూమ్‌లోనే శబ్దం నిండుగా తోస్తుంది. ఒకటి తీసేయగానే ఉన్న చెవికి తెలియకుండానే వాల్యూమ్ పెంచేస్తారు. స్టేజి మీద జనం కేకలు వినడానికి ఒకటి ఊడదీసే సింగర్ల పరిస్థితీ ఇదే. ఐఈఎంని కొంచెం లోతుగా దించితే ఆ డప్పు మోత తగ్గుతుంది, రెండూ పెట్టుకుని పనిచేయడం అలవాటవుతుంది.

ఎడిటింగ్ పనికి వైరుదే కావాలి. బ్లూటూత్‌లో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆలస్యంగా రావచ్చు. సెకనుకి 24 ఫ్రేముల సినిమాలో ఒక ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. అంటే పెదవి కదిలాక సుమారు రెండు నుంచి ఐదు ఫ్రేములకి మాట వినపడుతుంది. వీడియో యాప్‌లు ఆ ఆలస్యాన్ని సర్దేస్తాయి గానీ ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద అన్నిసార్లూ ఆ సర్దుబాటు ఉండదు. 3.5 ఎంఎం జాక్ లేని ఫోన్‌కి చిన్న టైప్-సి డాంగిల్ తగిలిస్తే చాలు.

చెవి పోతే పని పోతుంది

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దానికి రోజుకి 8 గంటలు హద్దు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1 గంట, 100కి 15 నిమిషాలే. ఇయర్‌ఫోన్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. 12 నుంచి 35 ఏళ్ల వయసువాళ్లలో వంద కోట్లకు పైగా మందికి వినికిడి ముప్పు ఉందని ఆ సంస్థ 2022లో హెచ్చరించింది.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర హారన్ల మధ్య, మెట్రో బోగీలో, జనరేటర్ పక్కన షూటింగ్ స్పాట్‌లో ఈ లెక్క నిజంగా పనిచేస్తుంది. సీల్ లేనివాడు ఆ రణగొణధ్వనిని దాటడానికి వాల్యూమ్ పెంచాలి. సీల్ బాగా పడితే మామూలు సిలికాన్ టిప్ కూడా బయటి శబ్దాన్ని 20 డెసిబెల్స్ వరకు తగ్గించగలదు. వాల్యూమ్ అంతే కిందికి దింపుకోవచ్చు. రెండు వందల రూపాయల టిప్ చేసే మేలు ఇది. బండి నడిపేటప్పుడు మాత్రం ఇదే గుణం ప్రాణాంతకం. వెనక వచ్చే లారీ వినపడదు.

వినికిడి పైస్థాయి నుంచే తగ్గడం మొదలవుతుంది కాబట్టి తొందరగా తెలియదు. 'స', 'శ' తేడా మసకబారుతున్నట్టు అనిపించినా, పని ముగిశాక చెవిలో గుయ్‌మన్న మోత మర్నాటి వరకూ ఉన్నా ఈఎన్‌టీ డాక్టర్‌ని కలిసి ఆడియోమెట్రీ చేయించుకోవాలి.

కొన్న ఆరు నెలలకి ఒకవైపు శబ్దం తగ్గితే డ్రైవర్ పోయిందని పారేయక్కర్లేదు. ఎక్కువసార్లు నాజిల్ చివర జాలీలో గులిమి అడ్డుపడి ఉంటుంది. టిప్ తీసి, నాజిల్‌ని కిందికి వంచి, మెత్తటి పొడి బ్రష్‌తో తుడవాలి. సూదితో పొడవకూడదు, జాలీ చిరుగుతుంది. టిప్స్‌ని విడిగా సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే తగిలించాలి. ఇంకొకరి చెవిలోది అడిగి తీసుకుని వినే అలవాటు స్టూడియోల్లో ఉంది. తప్పదనుకుంటే టిప్ మార్చుకుని వినాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వాపసు షరతులు ముందే చదవాలి. చెవిలో పెట్టిన వస్తువుని చాలామంది అమ్మకందారులు వెనక్కి తీసుకోరు. అందుకే స్నేహితుడి దగ్గర ఉన్న మోడల్‌ని సొంత టిప్స్‌తో ఒక గంట పెట్టుకుని చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టడం మేలు.