టోక్యో కింద మూడు గేజీలు

టోక్యో సబ్‌వే అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది టైముకి వచ్చే రైళ్ళు, జనాన్ని లోపలికి తోసే ఉద్యోగులూ. నన్ను ఎక్కువ ఆకట్టుకునేది వేరే ఉంది: ఒక కంపెనీ రైలు ఇంకో కంపెనీ పట్టాల మీదికి నేరుగా వెళ్ళిపోవడం. మన భాషలో ఇంటిగ్రేషన్ అన్నమాట. అదేదో జపాన్ వాళ్ళకి పుట్టుకతో వచ్చిన క్రమశిక్షణ అనుకుంటే పొరపాటే. కొట్టుకుని కొట్టుకుని నేర్చుకున్నారు.

హయకవా నొరిట్సుగు అనే ఆయన లండన్‌లో సబ్‌వే చూసొచ్చి, టోక్యోలోనూ కట్టాల్సిందేనని పట్టుబట్టాడు. 1927 డిసెంబర్ 30న అసకుసా నుంచి ఉయెనో దాకా 2.2 కిలోమీటర్ల లైను మొదలైంది. 1934కి అది షింబషి చేరింది. అటువైపు షిబుయా నుంచి గోటో కెయిటా కంపెనీ ఇంకో లైను తవ్వుకుంటూ 1939 జనవరిలో అదే షింబషికొచ్చింది. ఇద్దరికీ పడదు. దాంతో పక్కపక్కనే రెండు స్టేషన్లు! జనం దిగి, నడిచి, మళ్ళీ ఎక్కాల్సిందే. సెప్టెంబర్‌కి గానీ నేరుగా రైళ్ళు నడవలేదు. గోటో షేర్లు కొనేసి పైచేయి సాధించాడు, 1940లో హయకవా తప్పుకున్నాడు. 1941లో రెండు లైన్లూ ఒకే ప్రభుత్వ సంస్థ కిందికి వెళ్ళాయి. గోటో వాడిన ప్లాట్‌ఫారం షింబషిలో ఇప్పటికీ ఉంది, ప్రయాణికులు మాత్రం వాడరు.

యుద్ధం తర్వాత శివార్లు పెరిగాయి. ప్రైవేటు రైళ్ళేమో ఊరి అంచుదాకా వచ్చి ఆగిపోయేవి. వాటిని సబ్‌వేతో కలుపుదామంటే గేజీ ఒకటి కాదు. కెయిసెయి కంపెనీది 1372 మిల్లీమీటర్లు, కొత్త సబ్‌వేది 1435. కెయిసెయి 1959లో తన పట్టాలన్నీ మార్చుకుంది. 1960 డిసెంబర్‌లో ఇప్పటి అసకుసా లైనులోకి దాని రైళ్ళు వచ్చాయి.

కెయో కంపెనీదీ 1372 గేజీనే. అక్కడ మాత్రం సబ్‌వేనే వంగింది. 1978లో మొదలైన షింజుకు లైన్ని 1372తోనే కట్టారు. హిబియా లాంటి లైన్లు 1067. అలా ఒకే ఊరి కింద మూడు గేజీలు!

మరి అందరికన్నా ముందు పుట్టిన గింజా లైను? గేజీ 1435, కరెంటు పక్కనున్న మూడో పట్టా నుంచి. 1067 గేజీతో, పైనుంచి కరెంటు తీసుకునే శివారు రైలు అందులోకి రాలేదు. ముందొచ్చిన సిస్టమే లెగసీ అయి కూర్చుంది.

ఇంటిగ్రేషన్‌కి ఖరీదూ ఉంది. శివారులో ఒక రైలు ఆలస్యమైతే ఆ ఆలస్యం ఊరి నడిబొడ్డుకీ పాకుతుంది. అయినా రోజూ లక్షలమందికి దిగి మారే బాధ తప్పింది కదా.

నాకర్థమైంది ఒకటే. ఏ స్టాండర్డ్ గొప్పదన్న వాదన ఎప్పటికీ తెగదు. మార్పు ఖర్చు ఎవరు భరిస్తారన్నది తేలితే పని నడుస్తుంది. మీ ప్రాజెక్టులో కెయిసెయి ఎవరు, కెయో ఎవరు?