అటకమీది మల్టీమీడియా

దసరా వస్తోందంటే ఇల్లాలికి ముందుగా గుర్తొచ్చేది అమ్మవారు కాదు, అటక! నవ్వకండి, మీ ఇంట్లోనూ అంతేగదా. ఈ ఏడు కూడా ముక్కుకి కొంగు చుట్టుకుని, స్టూలెక్కి బూజు దులుపుతూంటే, ఇత్తడి గంగాళం వెనకనించి ఒక అట్టపెట్టె బయటపడింది. అందులో స్పైరల్ బైండింగు చేయించిన రెండు లావుపాటి జిరాక్సు పుస్తకాలు, రబ్బరుబ్యాండు కరిగి అతుక్కుపోయిన డజను సీడీలు, రెండువందల పేజీల లాంగు నోట్‌బుక్కు ఒకటి.

"పాతసామాన్లవాడు వీధి చివరే ఉన్నాడు, పిలవనా?" అన్నారు మా వారు పేపర్లోంచి తలెత్తకుండానే.

"పిలవండి. గంగాళం కావాలంటే ఇచ్చేయండి గానీ ఈ పెట్టె జోలికి మాత్రం రావద్దు" అన్నాను. ఆయనకది చెత్త. నాకది చరిత్ర. రాజులూ యుద్ధాలూ లేకపోతే చరిత్ర కాకుండా పోతుందా? మా దిల్‌సుఖ్‌నగర్ మేడమెట్లమీద ఒకప్పుడు చదువు ఎలా సాగిందో ఆ పెట్టె చెబుతుంది.

2001 నాటి మాట. చైతన్యపురిలో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్ళం. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన దగ్గర్నించీ ఊరందరికీ కంప్యూటరు జ్వరం పట్టుకుంది. ఈ చదువులకి అమీర్‌పేట పెద్దన్నయ్య అయితే మా దిల్‌సుఖ్‌నగర్ తమ్ముడు. ఎందుకయిందో ఊహించడం కష్టం కాదు. విజయవాడ రోడ్డూ, నాగార్జునసాగర్ రోడ్డూ వచ్చి కలిసేది ఎల్.బి. నగర్ చౌరస్తాలో. నల్గొండ, సూర్యాపేట, కోదాడ వైపునించి బస్సెక్కిన పిల్లలకి హైదరాబాదంటే మొదట కనబడేది మా పేటే. దిగినచోటే హాస్టలు, హాస్టలు పక్కన మెస్సు, మెస్సు మీద కోచింగు సెంటరు, మెట్లకింద జిరాక్సు షాపు. కొత్తపేట పండ్ల మార్కెట్టు నించి మామిడిపళ్ళ వాసనా, రోడ్డుమీది బస్సుల పొగా కలిసి కొడుతూంటే, మేడమేడకీ బోర్డులు: సి, జావా, ఒరాకిల్. వాటి మధ్య రంగురంగుల అక్షరాలతో ఇంకో బోర్డు, మల్టీమీడియా అని.

బొమ్మ, మాట, పాట, రాత నాలుగూ ఒకే తెరమీదికొచ్చి, మనం మీట నొక్కితే బదులు పలకడమే మల్టీమీడియా. ఆప్టెక్ సంస్థ 1996లో ఎరీనా మల్టీమీడియా పేరుతో ఈ శిక్షణ మొదలుపెట్టింది. అలాంటి పెద్దవాటిని చూసి చిన్నాచితకా ఇన్‌స్టిట్యూట్లు సందుకొకటి లేచాయి. అందులో ఒకదాంట్లో నేను చేరాను. బి.ఏ. చదివినదాన్ని, లెక్కలంటే భయం, బొమ్మలంటే ప్రాణం. చీటీ పాడిన డబ్బులోంచి 14,000 రూపాయలు ఫీజు కట్టాను. మా అత్తగారితో మాత్రం నాలుగువేలని చెప్పాను.

మూడోనెల ఒక సోమవారం పొద్దున్న వెళ్ళేసరికి తలుపుకి ఇంత తాళం! ఇరవైమందిమి మెట్లమీద నిలబడి ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. సార్లు లేరు, సర్టిఫికెట్లు లేవు, డబ్బు సంగతి చెప్పేదేముంది. ఇంటికెళ్ళి "ఇవాళ సెలవు, అత్తయ్యా" అన్నాను. మర్నాడు మళ్ళీ టిఫిను డబ్బా సర్దుకుని అదే టైముకి బయల్దేరాను. ఎక్కడికంటారా? తోటి అమ్మాయిలుండే హాస్టలుకి. నా అసలు చదువు అక్కడే మొదలయింది.

మేం నేర్చుకోవాలనుకున్నవి రెండు సాఫ్ట్‌వేర్లు. మొదటిది డైరెక్టర్. మాక్రోమైండ్ అనే అమెరికా కంపెనీ 1985లో వీడియోవర్క్స్ అని ఒకటి తెచ్చింది, 1987లో దానికే డైరెక్టర్ అని పేరు మార్చింది. పేరుకి తగ్గట్టు అన్నీ నాటకాలవాళ్ళ మాటలే. తెర పేరు స్టేజి, పాత్రల జాబితా పేరు కాస్టు, ఎవరెప్పుడు రంగంమీదికి రావాలో రాసిపెట్టేది స్కోరు. పాత్రలకి ఆజ్ఞలిచ్చే భాష లింగో. జాన్ హెన్రీ థాంప్సన్ అనే ఆయన తయారుచేశాడు. ఆ కంపెనీ మరికొన్నిటితో కలిసి 1992లో మాక్రోమీడియా అయింది. 1996 చివర ఫ్యూచర్‌స్ప్లాష్ అనే చిన్న సాఫ్ట్‌వేరుని కొని, ఫ్లాష్ అని నామకరణం చేసింది. మా రెండో సాఫ్ట్‌వేరు అదే.

ముగ్గు వేసే చేతికి ఫ్లాష్ పట్టుబడడం ఎంతసేపు! చుక్కలు మనం పెడతాం, వాటిని కీఫ్రేములంటారు. చుక్కకీ చుక్కకీ మధ్య గీత అదే కలుపుకుపోతుంది, దాన్ని ట్వీన్ అంటారు. ఇంతవరకూ హాయి. కానీ 2000లో వచ్చిన అయిదో ఫ్లాష్‌లో యాక్షన్‌స్క్రిప్టు అనే భాష బలంగా వచ్చి కూర్చుంది. ముగ్గు మీద ఎవరైనా కాలేస్తే ఏం చెయ్యాలో చెప్పేది ఆ భాష. బొమ్మలు గీద్దామని వచ్చినవాళ్ళందరం ప్రోగ్రామర్లం కాక తప్పలేదు.

మరి నేర్పేదెవరు? మొదటి గురువు కీబోర్డు మీది ఎఫ్‌వన్ మీట. అది నొక్కితే సాఫ్ట్‌వేరు తన సంగతి తానే చెప్పుకుంటుంది. కాకపోతే ఇంగ్లీషులో, అదీ వకీలు నోటీసులా. రెండో గురువు పుస్తకం. కాలిన్ మూక్ అనే ఆయన యాక్షన్‌స్క్రిప్టు మీద రాసిన పెద్ద గ్రంథాన్ని 2001లో ఓరైలీ సంస్థ వేసింది. అది మాలో ఒకమ్మాయి అన్నగారు కొన్నాడు. పదిమందిమి వంతులేసుకుని జిరాక్సు తీయించుకున్నాం. తప్పే, ఒప్పుకుంటున్నాను. మిగతా పుస్తకాలకి కోఠీలో పాతపుస్తకాల దుకాణాలూ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాతూ ఉండనే ఉన్నాయి. మూడో గురువు కంప్యూటరు పత్రికలతో ఉచితంగా వచ్చే సీడీ. పత్రిక చదవకపోయినా సీడీ చేతులు మారి ఎల్.బి. నగర్ దాకా వెళ్ళి, గీతలుపడి తిరిగొచ్చేది.

నాలుగోది నెట్ సెంటరు. గంటకింతని కట్టి, ఇతరులు చేసిన ఫ్లాష్ ఫైళ్ళు దింపుకునేవాళ్ళం. ఫ్లాష్‌లో ఫైళ్ళు రెండు రకాలు. ఎఫ్ఎల్ఏ అంటే రుబ్బిన పిండి, ఎస్‌డబ్ల్యుఎఫ్ అంటే కాల్చిన దోసె. దోసె అందరూ పెడతారు. పిండిలో ఏం పాళ్ళు కలిపారో చూడాలంటే ఎఫ్ఎల్ఏ దొరకాలి. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో తమ పిండిని నలుగురికీ పంచిపెడుతూంటే, ఇక్కడ మా ఫీజు మింగి తాళం వేసినవాళ్ళు గుర్తొచ్చి మనసు అదోలా అయ్యేది.

వీటన్నిటికంటే పనికొచ్చింది ఆ లాంగు నోట్‌బుక్కు. మాలో సూర్యాపేట అమ్మాయికి ఇంగ్లీషు బాగా వచ్చు, నాకు తెలుగు రాయడం వచ్చు. ఆ పిల్ల చదివి చెప్పేది, నేను నాకు తెలిసిన మాటల్లో రాసేదాన్ని. "వేరియబుల్ అంటే డబ్బామీద చీటీ. చీటీ అదే, ఇవాళ కందిపప్పు పోసుకో, రేపు పెసరపప్పు పోసుకో." "లూపు అంటే పిల్ల కడుపు నిండేదాకా ముద్ద వెనక ముద్ద. నిండిందో లేదో చూడడం మరిస్తే రాత్రంతా తినిపిస్తూనే ఉంటావు." ఇలాంటివే నూటయాభై పేజీలు. జిరాక్సు షాపతను అదికూడా అడిగి తీసి పెట్టుకున్నాడట, పిల్లలు అడుగుతున్నారని. ఏమాటకామాటే చెప్పాలి, ఆ రోజు మాత్రం కొంచెం గర్వపడ్డాను.

ఎల్‌కేజీ చదివే మా అమ్మాయి కోసం చేసిన అక్షరాల ఆట నా మొదటి పని. "అ" నొక్కితే అమ్మ బొమ్మ వచ్చి, గొంతు పలకాలి. నేను వాడిన తెలుగు ఫాంటు మరో కంప్యూటర్లో లేకపోతే అక్షరాలు పిచ్చిగీతలయ్యేవి. అందుకని అక్షరాలన్నిటినీ బొమ్మలుగా విడగొట్టేశాను. ఇక గొంతు ఎవరిది? మా అత్తగారిది! మా మరిది సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో విడిభాగాలు కొని బిగించిన కంప్యూటరు ముందు ఆవిడని కూర్చోబెట్టి, మైకు పెట్టి, అ నించి ఱ దాకా చెప్పించాడు. రికార్డు చేసిందీ, ముక్కలుగా కోసిందీ అతనే. నేను వంటింట్లో ఉన్నాను.

ఆ ఆట చూపించే 2003లో ఎల్.బి. నగర్ దగ్గర ఒక స్కూల్లో కంప్యూటరు టీచరు ఉద్యోగం సంపాదించుకున్నాను.

తరవాతి కథ త్వరగా చెప్పేస్తాను. 2005లో అడోబీ సంస్థ మాక్రోమీడియాని కొనేసింది. 2010 ఏప్రిల్‌లో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్, మా ఫోన్లలోకి ఫ్లాష్‌ని రానివ్వనంటూ బహిరంగంగా ఉత్తరం రాశాడు. బ్యాటరీ తినేస్తుందనీ, భద్రత తక్కువనీ అభియోగాలు. 2017లో డైరెక్టర్ అమ్మకం ఆగిపోయింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయరుకీ నూరేళ్ళు నిండాయి. మా పేటా మారింది. ఎల్.బి. నగర్ మునిసిపాలిటీ 2007లో గ్రేటర్‌లో కలిసింది, 2018 సెప్టెంబరులో మెట్రో వచ్చింది, పండ్ల మార్కెట్టు బాటసింగారం వెళ్ళింది. అత్తగారు 2011లో పోయారు.

అన్నీ పోయినా నోట్‌బుక్కు మాత్రం దండగ కాలేదు. యాక్షన్‌స్క్రిప్టూ, ఇప్పటి జావాస్క్రిప్టూ ఎక్మాస్క్రిప్టు అనే ఒకే ప్రమాణాన్ని పట్టుకుని నడిచిన అక్కచెల్లెళ్ళు. ఫ్లాష్ పోయాక పిల్లలకి జావాస్క్రిప్టు చెప్పాల్సొచ్చినప్పుడు నాకు దిగులు వెయ్యలేదు. పప్పు మారింది, డబ్బా అదే.

ఇంతకీ పెట్టె సంగతి. మా అమ్మాయి ఇప్పుడు ప్రోగ్రామరే. ఆదివారం వచ్చినప్పుడు సీడీలు చూసి, "అమ్మా, ఇవి బతికించవచ్చు, రఫుల్ అని ఒకటుంది" అంది. పాత ఫ్లాష్ ఫైళ్ళని ఫ్లాష్ లేకుండానే ఆడించే సాఫ్ట్‌వేరుట. ఇంటర్నెట్ ఆర్కైవ్‌వాళ్ళు 2020 నవంబరు నించి దాంతోనే పాత ఆటల్ని కాపాడుతున్నారట. పదకొండు సీడీలు మొండికేశాయి. పన్నెండోది తెరుచుకుంది. అక్షరాలు చెక్కుచెదరలేదు. "అ" నొక్కగానే అత్తగారి గొంతు, "అ... అమ్మ."

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

ఆ పక్కనే మా మరిది వదిలేసిన అసలు రికార్డింగు ఉంది, ముక్కలు కొయ్యకముందుది. వేవ్ ఫైలు, 1991 నాటి సాదా పద్ధతి. దానికి రఫులూ అక్కరలేదు, ఏదీ అక్కరలేదు. అక్షరాలన్నీ అయిపోయాక, కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడింది. ఆ వెనకే అత్తగారి గొంతు, కాస్త తగ్గించి:

"ఒరేయ్, అయిపోయిందా? ఆ బళ్ళోవాళ్ళు తాళం వేసి పోయారన్న సంగతి నాకు తెలుసని మీ వదినతో అనకు. పాపం, రోజూ డబ్బా పట్టుకుని పోయి నేర్చుకుంటోంది."