తెరచుకొనని పుటలు

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన గ్రామ చరిత్రను చాలా ఏండ్లు శ్రమించి వ్రాసినారు. 2002లో దానిని డి.టి.పి. కేంద్రములో కూర్పించి, ఒక సి.డి.లో భద్రపరచుకొన్నారు. చేవ్రాత ప్రతి తరువాత చెదలపాలైనది. మేము ప్రసంగము కోరగా ఆయన ఆ సి.డి.ని తెచ్చినారు. అప్పటికి కొద్ది దినముల ముందే మా కంప్యూటరులో పాత విండోసు తీసి క్రొత్తది వేసినారు. ఫైలు పేరు కనబడినదేగాని, తెరువబోతే ఇది ఏ ప్రోగ్రాముతో తెరువవలెనో చెప్పుమని యంత్రము మమ్మే ప్రశ్నించినది. ఆయన ముఖము చూడలేకపోయినాను.

అది పేజ్‌మేకర్ ఫైలు. 1985లో అమెరికాలో ఆల్డస్ అను సంస్థ ఈ ప్రోగ్రామును మొదట మాకింటోష్ యంత్రములకై వెలువరించినది. వెనీసు నగరములో ఐదువందల యేండ్ల క్రిందట గ్రంథములు ముద్రించిన ఆల్డస్ మనూషియస్ పేరే ఆ సంస్థ పేరు. పేరు పెట్టుటలో రసికతయే చూపినారు! సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా ఏరి కూర్చు శ్రమ మన ముద్రణశాలలలో తప్పినది ఇట్టి సాధనముల వలననే. పెండ్లి శుభలేఖ మొదలు పరిశోధన గ్రంథము వరకు లెక్కలేనన్ని తెలుగు పుటలు పేజ్‌మేకరులో కూర్పబడినవి.

1994లో ఆల్డస్‌ను అడోబీ సంస్థ కొన్నది. 2001లో వచ్చిన ఏడవ రూపమే పేజ్‌మేకరునకు కడపటిది. దాని స్థానమున ఇన్‌డిజైన్ నిలిచినది. 2012 నాటి సి.ఎస్. 6 వరకు ఇన్‌డిజైనునకు పేజ్‌మేకర్ ఆరు, ఏడు రూపముల ఫైళ్లను తెరచు శక్తి ఉండెడిది. మరుసటి సంవత్సరము వచ్చిన సి.సి.లో ఆ శక్తిని తీసివేసినారు. ఫైలులో ఒక్క అక్షరమైనను చెడలేదు. దానిని చదువగలవాడే కనుమరుగైనాడు.

ఫైలు తెరచుకొన్నంత మాత్రమున తెలుగు కనబడునా? అదియు లేదు. నాటి ఫాంటులలో తెలుగునకు ప్రత్యేక స్థానము లేదు. ఉన్నవి 256 గడులు మాత్రమే. మన గుణింతములు, వత్తులు అందులో ఇముడవు గనుక, అక్షరమును తలకట్టుగా, గుడిగా, కొమ్ముగా ముక్కలు చేసి ఆంగ్లాక్షరముల గడులలో కూర్చోబెట్టినారు. ఒక్కొక్క ఫాంటుది ఒక్కొక్క అమరిక. ఆ ఫాంటు లేని యంత్రములో తెలుగు వాక్యము అర్థము లేని ఆంగ్లాక్షరముల కుప్పగా కనబడును. 1991లో యూనికోడ్ తెలుగునకు సొంత సంఖ్యలు కేటాయించినది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అను ఫాంటుతో వానిని చూపసాగినది. కాని పాత ఫైళ్లు తమంత తాము మారవు గదా!

ఉపాధ్యాయుని ఫైలునకు మొదట నకలు తీసినాము. అసలును ముట్టలేదు. తెరచుకొనని ఫైలునకు పేరు చివరి అక్షరములు మార్చి చూచుట, దొరికిన ప్రతి ప్రోగ్రాములోను తెరచి మరల భద్రపరచుట చాలామంది చేయు పొరపాటు. రెండవ పనితో ఉన్నదియు పోవచ్చును. పాత విండోసు మార్చని కంప్యూటరు ఒకటి, పేజ్‌మేకరుతోను ఆనాటి ఫాంటుతోను, ఒక చిన్న ముద్రణశాలలో మూలన దొరికినది. అక్కడ ఫైలు మారు మాటాడక తెరచుకొన్నది. ముందుగా పుటల రూపము చెడకుండ పి.డి.ఎఫ్. చేసికొన్నాము. తరువాత పాఠమును మాత్రము వేరుచేసి, ఆ ఫాంటు అమరిక తెలిసిన మార్పిడి సాధనముతో యూనికోడులోనికి తెచ్చినాము.

మార్పిడిలో కొన్నిచోట్ల వత్తులు తారుమారైనవి. ఆ ఊరి చెరువు పేరు మూడు విధములుగా వచ్చినది. ఏది సరియో మాకు తెలియక ఆయననే పిలిపించినాము. ఆయన కళ్లజోడు సవరించుకొని, పి.డి.ఎఫ్. ముద్రితప్రతిని ప్రక్కన పెట్టుకొని, రెండు మధ్యాహ్నములు కూర్చుండి అన్నియు దిద్ది వెళ్లినారు.