ఉగ్గుగిన్నె చెప్పే చరిత్ర: రాష్ట్రేతర తెలుగు ఇళ్ళలో పసిబిడ్డ కడుపునొప్పి మందులు

రాష్ట్రేతర తెలుగువారి చరిత్ర రాసేవారు సాధారణంగా శాసనాలు, కైఫీయతులు, జనాభా లెక్కలు వెతుకుతారు. ఏ రాజు కాలంలో ఎవరు ఎక్కడికి వెళ్ళి స్థిరపడ్డారో వాటివల్ల తెలుస్తుంది. కాని ఆ కొత్త ఊళ్ళో బిడ్డ పుట్టి, రాత్రి పొద్దుపోయాక కాళ్ళు కడుపులోకి ముడుచుకొని గుక్కపెట్టి ఏడ్చినప్పుడు ఇంట్లో పెద్దామె ఏం అరగదీసిందో, దాన్ని ఏమని పిలిచిందో శాసనాల్లో ఉండదు. ఆ చరిత్రకు మిగిలిన ఆధారం ఉగ్గుగిన్నె ఒక్కటే.

ఇప్పుడు ఉగ్గు అంటే బియ్యమూ పప్పూ వేయించి విసిరి వండే మెత్తని ఆహారం. పాతకాలంలో ఈ మాటకు మరో అర్థం ఉండేది. చనుబాలలో ఆముదం రంగరించి పురిటిబిడ్డకు పోసేదాన్ని ఉగ్గు అనేవారు. అది ఆకలికి పెట్టింది కాదు, విరేచనం సాఫీగా కావడానికి పోసింది. ఉగ్గుపాలతో నేర్చిన విద్య అని మనం అనే పలుకుబడి వెనుక ఉన్నది ఈ అలవాటే. తెలుగువాడి నోట్లో పడిన మొదటి రుచుల్లో ఆముదం ఒకటన్నమాట.

మాటలేని శిశువు బాధను గుర్తించడం మన దేశంలో చాలా పాత విద్య. నేపాలులో దొరికిన తాళపత్ర ప్రతి ఆధారంగా 1938లో అచ్చయిన కాశ్యపసంహితలో ఇందుకోసమే వేదనాధ్యాయం ఉంది. కడుపునొప్పి ఉన్న బిడ్డ రొమ్ము వదిలేసి ఏడుస్తుందనీ, వెల్లకిలా పడుకొని మెలికలు తిరుగుతుందనీ, పొట్ట బిగుసుకుంటుందనీ, ముఖాన చెమట పడుతుందనీ అందులో చెప్పారు. తల్లులు ఆ గ్రంథం చదవలేదు. వారు చూసినదాన్నే ఆ గ్రంథం రాసుకుంది.

ఉగ్గు తరువాత చెప్పుకోవలసింది వస. సంస్కృతంలో వచ. వాక్కుకూ ఈ వేరుకూ సంబంధం కలిపి, వస నాకిస్తే మాటలు తొందరగా వస్తాయని నమ్మారు. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం అందుకే. వసకొమ్మును కాల్చి, సానమీద అరగదీసి, చనుబాలతో నాకిస్తే కడుపుబ్బరం తగ్గుతుందనేది రెండో నమ్మకం. వలస వెళ్ళిన తెలుగువారికి ఈ అలవాటు మార్చుకోవలసిన అవసరం రాలేదు. పొరుగువారి ఇంట్లోనూ అదే వేరు, అదే సాన. మారింది అంగట్లో అడగవలసిన పేరు. కోలారు, బళ్ళారి బజార్లలో అది బజె. బరంపురంలో బచ. షోలాపూరులో వేఖండ్. తమిళనాడులో వసంబు. అక్కడ దానికి పిళ్ళై వళర్పాన్, అంటే బిడ్డను పెంచేది అనే ముద్దుపేరు కూడా ఉంది. రాత్రిపూట దాని పేరు పలకకూడదని 'పేరు చెప్పనిది' అంటారు. వస ముక్కలు దారానికి గుచ్చి బిడ్డ చేతికి కడతారు. 16వ శతాబ్దంలో మదురై నాయక రాజ్యం ఏర్పడిన నాటినుంచి అక్కడ ఉన్న తెలుగు కుటుంబాలు ఇవన్నీ చూస్తూనే పెరిగాయి.

వాము సంగతీ ఇంతే. కన్నడ, తమిళ సీమల్లో అది ఓమ, ఓమం. మహారాష్ట్రలో ఓవా. ఒడిశాలో జువాణి. ఇంట్లో వాము, అంగట్లో ఓవా అనే ఈ ద్వంద్వ వ్యవహారం గమనించదగ్గది. కొనేటప్పటి మాట పొరుగుభాషది, బిడ్డకు పట్టేటప్పటి మాట తల్లిభాషది. ఎక్కడైతే ఇంట్లో కూడా ఓవా అనడం మొదలైందో, అక్కడ భాష గడప దాటి లోపలికి మారిపోయిందని గ్రహించవచ్చు. యానాం పరిస్థితి వేరు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్నా చుట్టూ గోదావరి జిల్లా పల్లెలే కాబట్టి వస, వాము అనే మాటలకు పోటీ రాలేదు.

మహారాష్ట్రలో పలు దినుసులు కలిపి అరగదీసే మందును బాళగుటీ అంటారు. కరక్కాయ, జాజికాయ, వేఖండ్‌లతోపాటు అందులో మురుడశెంగ అనే కాయ ఉంటుంది. తాడులా మెలితిరిగి ఉండే కాయ అది. మెలిపెట్టే కడుపునొప్పికి మెలితిరిగిన కాయ మందనే ఆలోచన దానిలో కనిపిస్తుంది. తమిళుల ఉరైమరుందుకూ పద్ధతి ఇదే, రాతిమీద అరగదీసి నాకించడం.

ఈ వరసలోకి సీసా రూపంలో వచ్చింది గ్రైప్ వాటర్. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి 1851లో దీన్ని తయారుచేశాడు. చిత్తడినేలల జ్వరానికి పిల్లలకు ఇస్తున్న మందు కడుపుబ్బరాన్నీ తగ్గిస్తున్నదని గమనించి దీనికి రూపమిచ్చాడంటారు. 1876లో వ్యాపార చిహ్నం నమోదయింది. మొదటి సీసాలో సోడా ఉప్పు, పంచదార, సోయకూర గింజల నూనెతోపాటు సుమారు 3.6 శాతం సారాయి కూడా ఉండేది. బిడ్డ ఏడుపు మానడంలో దాని పాత్ర ఎంతో ఊహించుకోవచ్చు. బ్రిటన్‌లో 1992లో దాన్ని తీసేశారు. విచిత్రమేమిటంటే ఆ సోయకూర గింజ మనకు కొత్తది కాదు. మరాఠీలో దాని పేరు బాళంతశేప, అంటే బాలింతల సోపు. తమిళంలో శదకుప్పై. కన్నడసీమలో సబ్బసిగె. మన బాలింత నమిలిన గింజే దొరసాని సీసాలో నీళ్ళయి తిరిగి వచ్చింది. మద్రాసులో 1928లో టి.టి. కృష్ణమాచారి స్థాపించిన వ్యాపార సంస్థ దాన్ని దక్షిణాదిన ఇంటింటి పేరు చేసింది. సానరాయి మూలపడడానికి ఆ సీసా కూడా ఒక కారణం.

ఇంతవరకు మాటల చరిత్ర. మందుల చరిత్ర ఇంత మురిపెంగా చెప్పుకోదగింది కాదు. పురిటిబిడ్డకు తొలి రెండు మూడు రోజులు ముర్రుపాలు పిండి పారబోసి, ఆముదమో తేనెనో నాకించేవారు. ముర్రుపాలకు సహజంగానే విరేచనకారి గుణం ఉంది. బిడ్డ కడుపులోని నల్లటి తొలి మలాన్ని బయటికి పంపేది అవే. ఉన్న మందును పారబోసి లేని మందును వెతికారన్నమాట. ఏడుస్తున్న బిడ్డ ముక్కు మూసి ఆముదం పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. తేనెలో ఉండగల సూక్ష్మజీవి బీజాలవల్ల ఏడాదిలోపు పిల్లలకు బోటులిజం రావచ్చునని 1976లో గుర్తించారు. దాని తొలి లక్షణాల్లో ఒకటి మలబద్ధకమే. వసలోని ఒక నూనె పదార్థం ఎలుకల్లో పుట్టకురుపులు కలిగించిందని తేలాక 1968లో అమెరికా దాన్ని ఆహార పదార్థాల్లో వాడకుండా నిషేధించింది.

అన్నిటికన్నా బాధాకరమైనది వాతలు పెట్టడం. ఒడియాలో చెంక అంటారు. పొట్ట ఉబ్బినా, బిడ్డ ఏడుపు ఆపకున్నా కాల్చిన ఇనుముతో పొట్టమీద వాతలు పెడతారు. నవరంగపూర్ జిల్లాలో 2025లో కూడా నెల బిడ్డను ఇలా వాతలతో ఆసుపత్రికి తెచ్చారు. ఆ జయపురం సీమ 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరేవరకు విశాఖపట్నం జిల్లాలోనిదే. కనుక ఇది పొరుగువారి మూఢత్వమని మనం తప్పుకోవడానికి వీల్లేదు. వాత అనే మాట మనకూ ఉంది.

తల్లులు ఇన్ని పాట్లు పడిన ఆ బాధ చాలావరకు జబ్బే కాదని వైద్యం తరువాత తెలుసుకుంది. అమెరికాలో మోరిస్ వెసెల్, ఆయన సహచరులు 1954లో ఒక కొలత చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రోజుకు మూడు గంటలకు పైగా, వారానికి మూడు రోజులకు పైగా, మూడు వారాలకు పైగా ఏడిస్తే దాన్ని కోలిక్ అన్నారు. అది సాధారణంగా మూడు నాలుగు నెలలకు దానంతటదే పోతుంది. ఏ మందు పోసినా పోయేదే కాబట్టి, పోసిన ప్రతి మందుకూ పేరు వచ్చింది. ముఖం ఎర్రబడేలా ముక్కి మెత్తగా విరేచనం చేసే బిడ్డకు మలబద్ధకం లేదు. కొన్ని వారాలు దాటిన తల్లిపాల బిడ్డ నాలుగైదు రోజులు విరేచనం చేయకపోయినా, పాలు తాగుతూ బరువు పెరుగుతూ ఉంటే భయం లేదు.

అయితే కొందరు బిడ్డలది నిజమైన ఆపద. డెన్మార్కు వైద్యుడు హెరాల్డ్ హిర్‌ష్‌స్ప్రుంగ్ 1886లో పెద్దపేగు ఉబ్బి చనిపోయిన ఇద్దరు పసివాళ్ళ సంగతి బెర్లినులో వివరించాడు. పేగు చివర నాడీకణాలు లేకపోవడం దానికి కారణం. 1948లో స్వెన్సన్ శస్త్రచికిత్స వచ్చేవరకు దానికి సరైన చికిత్స లేదు. పుట్టిన రెండు రోజులకు కూడా తొలి మలం రాకపోయినా, పొట్ట బిగుసుకొని పచ్చటి పసరు కక్కుకున్నా, విరేచనంలో రక్తం పడినా వెంటనే డాక్టరుకు చూపించాలి. అటువంటి బిడ్డలకు ఆముదంతో, వసతో కాలయాపన చేసిన ఇళ్ళు ఎన్నో ఉండి ఉంటాయి. ఆ లెక్క ఏ జనాభా పట్టికలోనూ లేదు.

అమ్మమ్మల వైద్యంలో నిలవదగ్గవీ ఉన్నాయి. కాళ్ళు చాపుకొని బిడ్డను పడుకోబెట్టుకొని పొట్టమీద మెల్లగా గుండ్రంగా రాయడం, మోకాళ్ళు కడుపుకు ఆనించి వదలడం, పాలు తాగాక భుజాన వేసుకొని త్రేన్పు వచ్చేదాకా తట్టడం, గోరువెచ్చని నీళ్ళు పోయడం నేటి వైద్యులూ కాదనరు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ లెక్కన ఉగ్గుగిన్నెకు ఆరు నెలలదాకా పని లేదు.

గిన్నెకు పని లేకపోయినా దాని చుట్టూ ఉన్న మాటలకు ఉంది. రాజపాళయంలో, కోలారులో, బరంపురంలో, షోలాపూరులో ఇంకా తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళు ఉన్నారు. ఉగ్గు, వస, వాము, ముర్రుపాలు వంటి మాటల్ని వారు ఎలా పలుకుతారో, వేటికి పొరుగుమాట వాడతారో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. మందును వదులుకోవచ్చు. మాటను వదులుకుంటే మళ్ళీ ఏ అంగట్లోనూ దొరకదు.