ఒక కుండ, నాలుగు కంచాలు

తిండి దగ్గర పేచీ పెట్టినవాళ్ళలో మన సాహిత్యంలో అందరికంటే పేరున్నవాడు శ్రీనాథుడు. రెడ్డిరాజుల కొలువులో సన్నన్నం మరిగిన నాలుక పల్నాడులో జొన్నకూడు ముందు మొరాయించింది. ఆయనవని చెప్పుకునే చాటువులు కొన్నిటి నిండా ఈ గోలే. అంతటి కవిసార్వభౌముడి కోసం కూడా పల్నాడు ఆ పూట పొయ్యి మీద ఇంకో కుండ పెట్టలేదు. ఐదేళ్ళ పిల్లాడు కంచం అవతలికి నెట్టి ‘నాకొద్దు’ అన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. పద్యం చెప్పడం చేతకాదు కాబట్టి వీడు ఏడుస్తాడు, అంతే తేడా.

రాజుల విందులు పద్యాలకెక్కాయి, పెళ్ళి భోజనాలు పాటలకెక్కాయి. మామూలు మంగళవారం రాత్రి ఏం వండుకున్నారో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. కాస్త దగ్గరికొచ్చేది ‘ఆముక్తమాల్యద’. పదహారో శతాబ్దం మొదట్లో రాసిన ఆ కావ్యంలో కృష్ణదేవరాయలు, విష్ణుభక్తుడైన విష్ణుచిత్తుడు అతిథులకి ఏ రుతువులో ఏం పెట్టేవాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. వానాకాలపు విస్తట్లో అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ఐదువందల ఏళ్ళ కిందటి ఆ జాబితాలో ఇవాళ మనకి అర్థంకానిది బహుశా వరుగులొక్కటే, అంటే ఎండబెట్టిన కూరముక్కలు. నేను చూసేది ఇంకొకటి. అందులో రుచి గలవన్నీ విడివిడిగా ఉన్నాయి. అన్నం, పప్పు చప్పగా కూర్చుంటాయి. కరకరలాడేదీ పుల్లనిదీ కమ్మనిదీ పక్కన చేరతాయి. ఎవరికి ఏది ఎంత కావాలో విస్తట్లో తేలుతుంది. పిల్లల నాలుకకీ పెద్దల నాలుకకీ ఉన్న తగాదాని తెలుగు వంటిల్లు కుండలో తీర్చలేదు, కంచంలో తీర్చింది.

రాయలవారి కాలానికి మన కారం మిరియాలదే. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో వచ్చి, మెల్లగా పొలాలకెక్కి, మిరియం పేరునే కాస్త మార్చుకుని తన పేరుగా పెట్టుకుంది. ఆ తర్వాతే పెద్దల కంచానికీ పసివాళ్ళ కంచానికీ మధ్య అసలైన గీత పడి ఉంటుందని నా ఊహ. మిరియాల చారు పిల్లలూ తాగుతారు. గుంటూరు కారం కలిపిన గోంగూర మూడేళ్ళవాడి నోట్లో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అలాగని ఏ ఇల్లాలూ గోంగూర వండడం మానలేదు. పప్పు ఉడికాక, పోపూ కారమూ పడకముందే ఓ గరిటెడు పక్కకి తీసి, ఉప్పు, నెయ్యి వేసి మెదిపితే అది పిల్లల వంట. మిగతాది పెద్దలది. పిల్లల వంటకం అని మన ఇళ్ళలో విడిగా ఒక పేరు స్థిరపడకపోవడానికి కారణం ఈ గరిటెడు పప్పే.

దీనికి కట్టెల పొయ్యి కూడా కొంత కారణం. పొయ్యి ఒకటి, పక్కన దాని మంటలోనే వాటా పంచుకునే కోడిపొయ్యి ఒకటి. అన్నం ఉడికి గంజి వార్చేదాకా దానిమీద, పులుసు దీనిమీద. పిడకలు, చితుకులు, ఊక, పట్నంలో అయితే రంపపు పొట్టు, బొగ్గుల కుంపటి, ఏదైనా ముందే చూసుకోవాలి. వానకి కట్టెలు తడిస్తే వంటింట్లోంచి పొగ తప్ప ఇంకేమీ రాదు. దీపాల వేళకి వంట కావాలి, చీకటి బాగా పడేలోపు పిల్లల తిండి అయిపోవాలి. ఈ హడావిడిలో ‘నీకు ఏం కావాలి?’ అని ఎవరూ అడగరు. రాత్రి వంట ఆ ఒక్క రాత్రి కోసమే కూడా కాదు. కావాలనే నాలుగు గిద్దలు ఎక్కువ వండి, మిగిలిన అన్నంలో నీళ్ళో గంజో మజ్జిగో పోసి ఉంచితే తెల్లారి అదే చద్దన్నం. పొలానికెళ్ళే మగవాళ్ళకీ, బడికెళ్ళే పిల్లలకీ, ఆవులు కాచే కుర్రాడికీ అదే ఉదయపు తిండి. నెయ్యీ ఆవకాయా తగిలిస్తే రాత్రి పేచీ పెట్టినవాడు కూడా పొద్దున నోరు మూసుకుని తినేవాడు.

మా అమ్మమ్మ ఇంట్లో పెద్ద ఇత్తడి బేసిన్ ఒకటుండేది. సెలవుల్లో ఏడెనిమిది మందిమి పిల్లలం దాని చుట్టూ చేరేవాళ్ళం. అన్నం, పప్పు, నెయ్యి ఒకే చోట కలిపి, వరసగా చాచిన అరచేతుల్లో ముద్దలు పెట్టుకుంటూ పోయేది. చెయ్యి చాచడం ఆలస్యమైతే ఆ ముద్ద పక్కవాడికి పోయేది. రెండో చుట్టులో ముద్దలో ఆవకాయ ఎర్రదనం కనీకనపడకుండా కలిపేది. మూడోసారికి ఇంకాస్త. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి ఎవడికి కారం అలవాటైందో, ఎవడికి ఇంకా కాలేదో ఆమెకి లెక్క తెలిసిపోయేది. కొత్త రుచిని ఇంత ఓపికగా, ఇంత దొంగతనంగా అలవాటు చేసే పద్ధతి ఇంకోటి నేను చూడలేదు. అందులో ఓ మోసం కూడా ఉంది: తొమ్మిదో ముద్ద ‘తాతయ్య ముద్ద’, పదోది ‘చందమామ ముద్ద’, లెక్క మాత్రం ఎప్పటికీ పూర్తికాదు.

ఆ బేసిన్ గురించి ముచ్చటగా చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. ఆ పూట ఏ కూర వండాలో నిర్ణయించేది ఇంటి పెద్దాయన నాలుక. పిల్లల తర్వాత మగవాళ్ళు, మగవాళ్ళ తర్వాత ఆడవాళ్ళు. అమ్మమ్మకి ఏ కూర ఇష్టమో ఆమె పోయాక కూడా మాకెవరికీ తెలియదు. పేచీలోనూ వాటాలు సమానం కావు. మగపిల్లాడు వంకాయ వద్దంటే ‘వాడికి పడదు’ అనేవారు, ఆడపిల్ల అదే మాటంటే ‘రేపు అత్తారింట్లో ఎలా?’ అనేవారు. తినకపోవడం ఒకరికి స్వభావం, ఇంకొకరికి తప్పు.

ఇంతకీ ఆ కంచంలో అన్నం అందరికీ ఉండేదా? లేదు. రాయలసీమలో రాగి సంకటి, కొర్రన్నం, తెలంగాణలో జొన్నరొట్టె, గటక, అంబలి. వరి అన్నం పండగకో చుట్టం వస్తేనో. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా మాగాణులు నిండి, కోస్తాలో తెల్లన్నం రోజువారీ తిండి అయింది. వెనకే మరలు వచ్చాయి. దంపుడు బియ్యం పోయి మర బియ్యం వచ్చింది, బియ్యం తెల్లబడింది. తవుడుతోపాటు విటమిన్ కూడా పోయి ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి పట్టుకుంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో ఉంది. మన రాత్రి కంచం మీద సైన్సు చూపు పడింది అలా.

1937లో అదే సంస్థ శాస్త్రవేత్త ఎయిక్రాయిడ్ కూనూరు నుంచి భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక వేశాడు. తర్వాత గోపాలన్, ఆయన సహచరులు హైదరాబాదు నుంచి దాన్ని పెంచి తెచ్చారు. ఆ పట్టికలు నేరుగా వంటింట్లోకి రాకపోయినా, పత్రికల ద్వారా, ఆస్పత్రి గోడల మీది బొమ్మల ద్వారా వాటి మాట వచ్చింది. అమ్మల ప్రశ్న మారింది. అప్పటిదాకా ‘తిన్నాడా?’ అని అడిగేవారు. ఇప్పుడు ‘ఏం తిన్నాడు?’ ఆకుకూర తినకపోతే బెంగ, గుడ్డు తినకపోతే బెంగ. ఆ పట్టికకి కొన్నేళ్ళ ముందే, 1928లో, అమెరికాలో క్లారా డేవిస్ అనే డాక్టరు పాలు మానిన పసివాళ్ళ ముందు రకరకాల తిండ్లు పెట్టి, ఎవరూ బలవంతపెట్టకుండా వాళ్ళకి నచ్చినవే తిననిచ్చానని, పిల్లలు చక్కగానే పెరిగారని రాసింది. పసివాళ్ళకి తమకేం కావాలో తెలుసు అని చాలామంది ఆ ప్రయోగాన్ని చెప్పుకున్నారు. ఆమె పెట్టినవాటిలో మిఠాయిలు లేవన్న సంగతి అంతగా చెప్పుకోలేదు. మా అమ్మమ్మ బేసిన్ కూడా అంతే. ఏముండాలో ఆమె ఇష్టం, ఎంత తినాలో మా ఇష్టం.

1959లో ప్రెస్టీజ్, హాకిన్స్ రెండూ మన దేశంలో ప్రెషర్ కుక్కర్లు మొదలుపెట్టాయి. తెలుగిళ్ళలోకి అవి వచ్చి పాతుకుపోవడానికి ఇంకో ఇరవయ్యేళ్ళు పట్టింది. కుక్కర్ చేసిన మార్పు టైం మిగల్చడమొక్కటే కాదు. అడుగు గిన్నెలో పప్పు, పైన బియ్యం, ఆపైన బంగాళాదుంపలు పెట్టి మూడు విజిళ్ళు వచ్చాక దింపితే ఒకే మంట మీద మూడు వంటలు. గంజి వార్చడం పోయింది, అందరిదీ అత్తెసరే అయింది. గిన్నెలు చిన్నవి కాబట్టి నలుగురికి సరిపోయేంతే వండడం మొదలైంది, చద్దికి మిగలడం మానేసింది. దాంతోపాటు గ్యాసు వచ్చింది. పట్నాలకి ముందు, పల్లెలకి చాలా ఆలస్యంగా, 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాలకి దీపం పథకం కనెక్షన్లు ఇచ్చాక. రెండు బర్నర్లు, మీట తిప్పితే మంట. రుబ్బురోలు స్థానంలో మిక్సీ, ఉట్టి స్థానంలో ఫ్రిజ్. రాత్రి ఎనిమిదిన్నరకి పిల్లాడు ‘నాకు దోసె కావాలి’ అంటే పోసిపెట్టగలగడం మన చరిత్రలో అప్పుడే మొదటిసారి సాధ్యమైంది. పేచీ పాతదే. దానికి జవాబు చెప్పగల పొయ్యి మాత్రం కొత్తది.

1980ల తొలి ఏళ్ళు నాకు విచిత్రంగా కనిపిస్తాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. సంకటీ గటకా తినే ఇళ్ళలోకి తెల్లన్నం రోజువారీగా వచ్చింది. పండగ తిండి మామూలు తిండి కావడమంటే చిన్న సంగతి కాదు, ఆ తరం పిల్లలు సంకటి వద్దని అన్నం అడిగారు, దొరికింది. దాదాపు ఆ రోజుల్లోనే పట్నం దుకాణాల్లోకి మ్యాగీ వచ్చింది. ఆ రెండు నిమిషాల నూడుల్స్‌ని ఎవరూ రెండు నిమిషాల్లో చేయలేదు కానీ, ఇంట్లో ఒక కంచం కోసం ఒక గిన్నె విడిగా పొయ్యెక్కడం దాంతోనే అలవాటైంది. అప్పటిదాకా పిల్లల తిండి పెద్దల తిండిలోంచి తీసిన గరిటెడు. ఆ తర్వాత అది వేరే సరుకు, వేరే ప్రకటన, వేరే గిన్నె.

ఈ మార్పులకి పుస్తకం సాక్ష్యం కావాలంటే మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ తిరగేయాలి. ఎన్ని ముద్రణలు పడిందో చెప్పలేనంత ఆదరణ దానికి. అత్తగారి పక్కన నిలబడి నేర్చుకునే వీలులేని, ఉద్యోగాల ఊళ్ళలో వేరు కాపురం పెట్టిన అమ్మాయిలు దాన్ని చూసి వండారు. అమ్మమ్మ చేతి లెక్క చెంచాల లెక్క అయింది. బేసిన్ చుట్టూ ఎనిమిదిమంది లేరు, ఇద్దరే ఉన్నారు. పక్కవాడు లాక్కుంటాడన్న భయం లేని ముద్దకి రుచి తక్కువని ఏ పుస్తకంలోనూ ఉండదు.

తర్వాత రాత్రి భోజనమే రూపు మార్చుకుంది. పూర్వం శనివారం ఒంటిపూట ఉన్నవాళ్ళే రాత్రి ఫలహారం చేసేవారు. ఇప్పుడు నాన్నకి షుగర్ కాబట్టి రెండు పుల్కాలు, అమ్మ బరువు తగ్గాలి కాబట్టి జొన్నరొట్టె, పెద్దదానికి దోసె, చిన్నవాడికి పప్పన్నం. ‘రాత్రికి టిఫినా, అన్నమా?’ అన్న ప్రశ్నకి ఒక ఇంట్లో నాలుగు జవాబులు. నలభై ఏళ్ళ కిందట బీదతనపు గుర్తని వదిలించుకున్న జొన్నా రాగీ కొర్రా, 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపేనాటికి సూపర్ మార్కెట్లో అద్దాల వెనక సన్నబియ్యం కంటే ఖరీదై కూర్చున్నాయి. ఇవాళ వాటిని చూసి ముక్కు చిట్లించే పిల్లలు, తమకి తెలియకుండానే, శ్రీనాథుడి పక్షం.

బడి మాత్రం ఒక్క కుండ పద్ధతిని నిలబెట్టింది. 2003 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనం వండి పెట్టడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దానికి గోరుముద్ద అని పేరు పెట్టారు, 2024లో అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పేరేదైనా వరసలో కూర్చున్న పిల్లలు ఇంట్లో ముట్టని గుడ్డూ పప్పూ అక్కడ తింటారని టీచర్లూ అమ్మలూ ఇద్దరూ చెబుతారు. బేసిన్ పెద్దదైంది, అంతే.

ఇంట్లో ముద్ద తినిపించడానికి చూపించే చందమామ కూడా మారింది. చందమామ తర్వాత టీవీ, టీవీ తర్వాత ఫోను. రెండేళ్ళు నిండనివాళ్ళని తెర ముందు కూర్చోబెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రాత్రి తొమ్మిదింటికి, ఉద్యోగం నుంచి వచ్చి వండి, చల్లారిన ముద్ద పట్టుకుని నిలబడ్డ తల్లికి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. అంత కష్టం దేనికనుకుంటే స్విగ్గీ ఉండనే ఉంది, బెజవాడలో పెరిగిన శ్రీహర్ష మాజేటి మిత్రులతో కలిసి 2014లో బెంగళూరులో పెట్టింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగిళ్ళలో అదే కందిపప్పు ఇన్‌స్టంట్ పాట్‌లో ఉడుకుతుంది. పెద్దలకి పప్పన్నం, పిల్లలకి పాస్తా. అక్కడా ఫ్రిజ్ తలుపులో ఆవకాయ సీసా ఉంటుంది, ఎవరి కంచం వారు దిద్దుకోవడానికి.

మా ఇంట్లో నిన్న రాత్రి పప్పు, బెండకాయ వేపుడు. చిన్నది కరివేపాకులన్నీ ఏరి కంచం అంచున వరసగా పేర్చి, నాలుగు ముద్దలు తిని లేచిపోయింది. మిగిలిన అన్నం మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాం. పొద్దున దాన్నే పొడిపొడిగా చిదిపి, పోపు పెట్టి, నిమ్మకాయ పిండి, బడికి బాక్సు కట్టాం. చద్దన్నమని చెప్పలేదు, లెమన్ రైస్ అని చెప్పాం. సాయంత్రం బాక్సు ఖాళీగా వచ్చింది. పక్కపిల్ల సగం లాక్కుని తినేసిందట.