రోడ్ డ్రాఫ్ట్ ట్యూబు

రోడ్ డ్రాఫ్ట్ ట్యూబు అనేది 1960ల ప్రారంభం వరకు తయారైన అనేక మోటారు వాహనాలలో, ఇంజను క్రాంక్‌కేసులో చేరే వాయువులను బయటికి పంపటానికి అమర్చిన గొట్టం.

ఇంజను నడిచేటప్పుడు పిస్టన్ రింగుల పక్కల నుండి మండిన వాయువులు, మండని ఇంధనం, నీటి ఆవిరి కొంతమేర క్రాంక్‌కేసులోకి జారుతాయి. వాటికి దారి లేకపోతే పీడనం పెరిగి సీళ్ళ గుండా నూనె కారుతుంది. నీరు, ఆమ్లాలు నూనెలో కలిసి మడ్డి కట్టి బేరింగులు పాడవుతాయి.

ఈ గొట్టం వాహనం అడుగుభాగం వరకు దిగి ఉంటుంది. బండి పరుగులో దాని చివర పీడనం తగ్గి, లోపలి వాయువులు బయటికి వస్తాయి. నూనె పోసే మూతలోని జాలీ గుండా తాజా గాలి లోనికి చేరుతుంది. కదిలే భాగాలు లేని చవకైన ఏర్పాటే గాని, బండి వేగం లేనిదే ఇది పనిచేయదు. నగరపు రద్దీలో, అంటే మడ్డి ఎక్కువగా చేరే సమయంలోనే, దాదాపు నిరుపయోగం. పనిచేసినపుడేమో నూనె ఆవిరిని, హైడ్రోకార్బన్లను నేరుగా వీధిలోకి వదులుతుంది.

దీని స్థానంలో పీసీవీ కవాటం వచ్చింది. ఇన్‌టేక్ మానిఫోల్డులోని చూషణ ఆ వాయువులను తిరిగి సిలిండర్లలోకి లాగుతుంది, అవి అక్కడ మండిపోతాయి. బండి నిలిచి ఉన్నా ఇది పనిచేస్తుంది. లాస్ ఏంజెలెస్ వాయు కాలుష్యంతో సతమతమైన కాలిఫోర్నియా 1961లో దీనిని తప్పనిసరి చేసింది. 1963 మోడళ్ళ నుండి అమెరికా తయారీదారులు దేశమంతటా అమర్చారు.