పిల్లికూనల ఆహారం

పిల్లికూనల ఆహారం అనగా పుట్టినది మొదలు సుమారు ఒక సంవత్సరం వయసు వచ్చేవరకు పెంపుడు పిల్లి పిల్లలకు ఇవ్వవలసిన ఆహారం. తెలుగునాట ఇళ్ళలో పిల్లికూనకు పాలు, పాలన్నం, పెరుగన్నం పెట్టడం ఆనవాయితీ. పిల్లి మాంసాహార జంతువు కావడం వలన ఈ ఆహారం ఎదిగే కూనకు సరిపోదు. మాంసకృత్తులు, టారిన్, కాల్షియం తగినంత అందని కూనలలో ఎదుగుదల లోపించుట, ఎముకలు విరుగుట, చూపు పోవుట, గుండె జబ్బు వంటివి సంభవించగలవు.

తెలుగునాట అలవాటు

మెదక్ జిల్లాలో మంజీర నదిపై నిర్మించిన ఘనపూర్ ఆనకట్ట నీటితో సాగు జరిగే పాపన్నపేట వంటి మండలాలలో వరి ముఖ్యమైన పంట. ధాన్యం నిలువ ఉన్న ఇంటికి ఎలుకలు చేరుట సహజం. వాటి కోసమే పల్లెలలో పిల్లులను చేరదీస్తారు. అటువంటి ఇంట పెద్ద పిల్లి పాలన్నం తిన్నా, ఎలుకలు, పక్షులు, బల్లులు, పురుగులను వేటాడి తనకు కావలసిన పోషకాలను సంపాదించుకుంటుంది. అందువలన పాలన్నంతోనే పిల్లి బతుకుతున్నదనే అభిప్రాయం ఏర్పడింది.

తల్లినుండి వేరైన కూనకు వేట రాదు. పట్టణాలలో తలుపులు మూసిన ఇళ్ళలో పెరిగే కూనకు వేటాడే అవకాశమే ఉండదు. ఇటువంటి కూనకు గిన్నెలో పెట్టినదే సమస్త ఆహారం. కనుక ఆ గిన్నెలోని ఆహారం సంపూర్ణంగా ఉండవలెను.

శరీర ధర్మం

పిల్లి మాంసం తిని మాత్రమే ఆరోగ్యంగా బతకగల జంతువు. మనిషి, కుక్క శరీరాలు ఇతర పదార్థాలనుండి తయారు చేసుకోగల కొన్ని పోషకాలను పిల్లి శరీరం తగినంతగా తయారు చేసుకోలేదు.

టారిన్: ఇది జంతువుల కండరాలలోను, గుండె వంటి అవయవాలలోను లభిస్తుంది. టారిన్ లోపం వలన పిల్లులలో కంటి రెటీనా క్షీణిస్తుందని 1975లో వెల్లడైంది. దీని లోపం వలన గుండె కండరం బలహీనపడుతుందని, టారిన్ ఇస్తే ఆ జబ్బు నయం కాగలదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు 1987లో ప్రకటించారు.

విటమిన్ ఎ: క్యారెట్, ఆకుకూరలలోని బీటా కెరోటిన్‌ను పిల్లి విటమిన్ ఎ గా మార్చుకోలేదు. కాలేయం, గుడ్డు పచ్చసొన వంటి జంతు పదార్థాలనుండే పొందవలెను.

విటమిన్ డి: ఎండలో కూర్చున్నా పిల్లి చర్మంలో ఇది తగినంత తయారు కాదు.

ఆర్జినిన్: ఈ అమినో ఆమ్లం పూర్తిగా లోపించిన ఆహారం ఒక్క పూట తిన్నా పిల్లి రక్తంలో అమ్మోనియా పెరిగి ప్రమాదం కలుగుతుంది. మాంసంలో ఇది సమృద్ధిగా ఉంటుంది.

పిల్లి తీపిని గుర్తించలేదు. తీపి రుచికి సంబంధించిన ఒక జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో కనుగొన్నారు. కనుక పాలలో చక్కెర కలిపి ఇవ్వడం వలన కూనకు రుచి గాని బలం గాని పెరగదు.

పాలు, అన్నం ఎందుకు చాలవు

పిల్లి పాలను ఇష్టపడుతుందనుట అందరికీ తెలిసినదే. మరిగే పాలు పోసి పిల్లికి పాలంటే భయం పుట్టించిన తెనాలి రామకృష్ణుని కథలో చమత్కారం కూడా ఈ ఇష్టం మీదనే ఆధారపడి ఉన్నది. అయితే ఇష్టం వేరు, పోషణ వేరు. తల్లి పిల్లి పాలలో మాంసకృత్తులు సుమారు 7 శాతం ఉండగా ఆవు పాలలో 3 శాతానికి కొంచెం ఎక్కువ మాత్రమే ఉంటాయి. పాలు మరచిన తరువాత లాక్టోజును జీర్ణం చేసే శక్తి కూనలలో తగ్గిపోతుంది. అప్పుడు ఆవు పాలు, గేదె పాలు అనేక కూనలకు విరేచనాలు కలిగిస్తాయి. చిన్న కూనకు విరేచనాల వలన ఒంటిలో నీరు తగ్గి ప్రాణాపాయం కలుగవచ్చు.

రెండు నెలల వయసు, ఒక కిలో బరువు గల కూనకు రోజుకు సుమారు 200 కిలో కేలరీల శక్తి కావలెను. 100 గ్రాముల అన్నం, 100 మిల్లీలీటర్ల ఆవు పాలు కలిపితే దాదాపు అంత శక్తి వస్తుంది. కాని అందులో మాంసకృత్తులు 6 గ్రాములకు మించవు. కూనల ఆహారానికి నిర్ణయించిన కనీస ప్రమాణం ప్రకారం అంతే శక్తినిచ్చే ఆహారంలో 15 గ్రాములు ఉండవలెను. అనగా కడుపు నిండినా కూనకు కావలసినదానిలో సగం కూడా అందదు. టారిన్ దాదాపు శూన్యం.

వయసును బట్టి ఆహారం

పుట్టుక నుండి 4 వారాలు: తల్లి పాలే ఆహారం. మొదటి రోజు వచ్చే జున్నుపాలలో రోగనిరోధక శక్తినిచ్చే పదార్థాలు ఉంటాయి. పుట్టినపుడు కూన సుమారు 100 గ్రాములు ఉండి, రోజుకు 10 నుండి 15 గ్రాములు పెరుగుతుంది. తల్లి లేని కూనకు పిల్లికూనల కోసం తయారు చేసిన పాలపొడిని గోరువెచ్చని నీటిలో కలిపి 2 నుండి 4 గంటలకు ఒకసారి పట్టవలెను. కూనను బోర్లా ఉంచి పట్టవలెను. వెల్లకిల పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తులలోకి పోతాయి. ఒళ్ళు చల్లబడిన కూనను ముందు వెచ్చబరచి, తరువాతనే పాలు ఇవ్వవలెను.

4 నుండి 8 వారాలు: పాల దంతాలు వచ్చే కాలం. మెత్తని ఆహారాన్ని గోరువెచ్చని నీటితో జావలా కలిపి పళ్ళెంలో పెట్టవలెను. నీటిని క్రమంగా తగ్గిస్తూ పోతే 8 వారాలకు కూన పాలు పూర్తిగా మరచిపోతుంది.

2 నుండి 6 నెలలు: వేగంగా ఎదిగే దశ. కూన పొట్ట చిన్నది కనుక రోజుకు 4 సార్లు, తరువాత 3 సార్లు పెట్టవలెను. ఈ వయసులో ఆకలికి ఉంచరాదు.

6 నుండి 12 నెలలు: శాశ్వత దంతాలు 30 వచ్చి ఉంటాయి. రోజుకు 2 లేక 3 సార్లు చాలును. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స జరిగిన పిల్లులకు శక్తి అవసరం తగ్గుతుంది. కనుక ఊబకాయం రాకుండా చూడవలెను.

తయారీ ఆహారం ఎంచుకొనుట

డబ్బాలు, పొట్లాలలో అమ్మే తయారీ ఆహారం రెండు విధాలు. గుళికల రూపంలో ఉండే పొడి ఆహారంలో తేమ సుమారు 10 శాతం, తడి ఆహారంలో 75 నుండి 80 శాతం ఉంటుంది. అవిభక్త మెదక్ జిల్లాలో భాగమై, 2016 నుండి సిద్దిపేట జిల్లాలో ఉన్న ప్రాంతంలో మార్స్ సంస్థ పెంపుడు జంతువుల ఆహార కర్మాగారం ఉన్నది. దాని విస్తరణకు 500 కోట్ల రూపాయల పెట్టుబడిని 2021లో ప్రకటించారు.

పొట్లం కొనునపుడు గమనించవలసినవి:

1. అది కూనల కోసం, లేదా ఎదుగుదల దశ కోసం సంపూర్ణ ఆహారం అని వ్రాసి ఉండవలెను. అనుబంధ ఆహారం, చిరుతిండి అని వ్రాసినవి ముఖ్య ఆహారం కాజాలవు.
2. అమెరికాలోని ఆఫ్కో సంఘం ప్రమాణాల ప్రకారం తేమ తీసివేసి లెక్కించినపుడు కూనల ఆహారంలో మాంసకృత్తులు కనీసం 30 శాతం ఉండవలెను. పెద్ద పిల్లులకు ఇది 26 శాతం.
3. తడి, పొడి ఆహారాలను తేమ తీసివేసి పోల్చవలెను. తేమ 80 శాతం, మాంసకృత్తులు 10 శాతం గల తడి ఆహారంలో అసలు మాంసకృత్తులు 50 శాతం. తేమ 10 శాతం, మాంసకృత్తులు 32 శాతం గల పొడి ఆహారంలో ఇవి సుమారు 36 శాతం.
4. గడువు తేదీ చూడవలెను. విప్పిన పొట్లాన్ని గాలి చొరకుండా మూసి ఉంచవలెను.

కుక్కల ఆహారం చవకగా దొరికినా పిల్లికూనకు పనికిరాదు. కుక్కలు టారిన్‌ను తామే తయారు చేసుకోగలవు కనుక వాటి ఆహారంలో దీనిని పిల్లికి సరిపడినంత కలపవలసిన నియమం లేదు. కొత్త ఆహారానికి మారునపుడు పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజులలో మార్చవలెను.

ఇంట్లో వండి పెట్టే ఆహారం

ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన కోడి మాంసం, చేప, గుడ్డు కూనకు పెట్టవచ్చు. రొమ్ము మాంసం కంటే కాలి మాంసంలో, గుండెకాయలో టారిన్ ఎక్కువ. టారిన్ నీటిలో కరుగుతుంది కనుక ఉడికించిన నీటిని పారబోయక దానితో కలిపి పెట్టవలెను. చేప ముళ్ళు తీసివేయవలెను.

ఎముక లేని మాంసం ఒక్కటే పెట్టుట కూడా ప్రమాదకరం. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. ఆ లోటు తీర్చుకొనుటకు శరీరం ఎముకలనుండి కాల్షియం తీసుకుంటుంది. అట్టి కూన గెంతినంత మాత్రాన ఎముకలు విరుగవచ్చు. కనుక ఇంటి వంటతోనే పెంచదలచినవారు కాల్షియం, విటమిన్లు, టారిన్ మోతాదులను పశువైద్యుని అడిగి కలపవలెను. అది వీలుకాని చోట రోజు ఆహారంలో అధిక భాగం తయారీ ఆహారంగా ఉంచి, ఇంటి మాంసం కొద్దిగా పెట్టుట క్షేమం.

పెట్టకూడని పదార్థాలు

ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేసి రక్తహీనత కలిగిస్తాయి. ఉడికించినా వీటి విషగుణం పోదు. మన మాంసం కూరలన్నీ ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి ముద్దతో మొదలవుతాయి కనుక మిగిలిన కూర, పులుసు కలిపిన అన్నం కూనకు పెట్టరాదు.

ఇవి కాక పెట్టరానివి: చాకొలెట్, ద్రాక్ష, ఎండు ద్రాక్ష, కాఫీ, టీ, ఉడికించిన కోడి ఎముకలు, ఉప్పు పట్టించిన ఎండుచేపలు. పచ్చి చేపలు కొన్నింటిలో విటమిన్ బి1 ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. పచ్చి మాంసం వలన సూక్ష్మజీవులు, పరాన్నజీవులు సోకవచ్చు. కార్జం మంచిదే అయినా రోజూ ఎక్కువగా పెడితే విటమిన్ ఎ మితిమీరి ఎముకల జబ్బు వస్తుంది. ఎలుకల మందు తిని చచ్చిన ఎలుకను తిన్న పిల్లికి కూడా విషం ఎక్కవచ్చు.

శాకాహార కుటుంబాలలో

మాంసం వండని ఇళ్ళలో పెరిగే కూనలకు పాలు, పెరుగు, పన్నీరు, పప్పన్నం పెడుతుంటారు. వీటినుండి టారిన్ తగినంత అందదు. ఇంట మాంసం వండనవసరం లేకుండానే తయారీ ఆహారం పెట్టవచ్చును. ఇంట్లో మాంసాహారం ఉంచుటయే సమ్మతం కానివారు కూనను మరొకరికి పెంపకానికి ఇచ్చుట దానికి మేలు.

ఎదుగుదలను గమనించుట

వారానికి ఒకసారి కూనను తూచుట ఉత్తమ పద్ధతి. మొదటి నెలలలో వారానికి సుమారు 100 గ్రాములు పెరగవలెను. బరువు పెరగకపోవుట, పొట్ట మాత్రం ఉబ్బి ఉండుట నులిపురుగుల లక్షణం కావచ్చు. ఇవి తల్లి పాల ద్వారా కూడా కూనకు చేరుతాయి. కనుక మంచి ఆహారంతో పాటు పురుగుల మందు కూడా పశువైద్యుని సలహాతో వేయించవలెను. పూర్తిగా ఆహారం మానిన కూనను మరునాటి వరకు ఆగక వైద్యునికి చూపవలెను. మంచినీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉండవలెను. ఎండాకాలంలో నీటిని రోజుకు రెండు మూడు సార్లు మార్చవలెను.

ఇవి కూడా చూడండి

పిల్లి
మాంసాహారి
టారిన్
పశువైద్యం
పాపన్నపేట